గొంతు క్యాన్సర్‌కు 35 రేడియేషన్ సిట్టింగులు: ఇంట్లో ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి?

పొద్దుతిరుగుడు (ప్రశ్న)

మా వారి వయసు 56, బరువు 62 కిలోలు. నాలుక మొదట్లో గడ్డ, మెడలో ఒక పక్క గ్రంథికి పాకింది. ఆపరేషన్ వద్దన్నారు. రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 35 సిట్టింగులు, మొత్తం 70 గ్రే రేడియేషన్. వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు. దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. మాస్కు (తల, మెడ కదలకుండా బిగించే వల) చేశారు, ప్లానింగ్ సీటీ స్కాన్ అయింది. ఇంకో పది రోజుల్లో మొదలు.

"ఇబ్బందులుంటాయి, బాగా తినాలి, నీళ్లు తాగాలి" అని చెప్పి పంపారు. నాకు అంతకంటే వివరంగా కావాలి. ఏ వారంలో ఏం వస్తుంది? అది వచ్చేలోపు ఇంట్లో ఏం ఉంచుకోవాలి? తిండి గొట్టం ముందే వేయించాలా, అవసరం పడ్డాకా? ఏది కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి? ధైర్యం చెప్పేవాళ్లు చుట్టూ చాలామందే ఉన్నారు. లెక్కలు చెప్పేవాళ్లు కావాలి.

వేపపుల్ల

అన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న. పళ్ల డాక్టరుకు చూపించారా? మీరు రాసినదాంట్లో ఆ మాట లేదు.

రేడియేషన్ పడిన దవడ ఎముకకు రక్తం సరఫరా తగ్గిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో పన్ను పీకిస్తే ఆ గుంత మానకుండా ఎముకే చచ్చుబడే ప్రమాదం ఉంది, అది పదేళ్ల తర్వాతైనా సరే. అందుకే నిలవని పళ్లను ముందే తీసేస్తారు. తీసిన చోటు మానడానికి తక్కువలో తక్కువ 10 నుంచి 14 రోజులు కావాలి. మీ చేతిలో ఉన్నదే పది రోజులు. రేపే చూపించండి. పీకాల్సిన పన్ను ఉందంటే అదే రోజు రేడియేషన్ డాక్టరుకు చెప్పండి, మొదలుపెట్టే తేదీ జరపాలా వద్దా అన్నది ఆ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చాలి. వాళ్లకు చెప్పకుండా పీకించేసి మాత్రం వెళ్లకండి.

పనిలో పనిగా పళ్లకు తొడిగే ఫ్లోరైడ్ ట్రే అచ్చు తీయించుకోండి. ఉమ్మి తగ్గిపోయిన నోట్లో పళ్లు చిగురు అంచు దగ్గర చకచకా పుచ్చిపోతాయి. ట్రేలో జెల్ వేసి రోజూ పది నిమిషాలు, తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. ఇది ఏడు వారాలతో అయిపోయే పని కాదు, ఇక ఎప్పటికీ.

ఇంకో రెండు: సిస్‌ప్లాటిన్ మొదలయ్యే ముందు వినికిడి పరీక్ష, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించి పెట్టుకోండి. ఆయన నోరు ఎంత తెరుచుకుంటుందో కూడా ఇవాళే స్కేలుతో పై పన్ను అంచు నుంచి కింది పన్ను అంచుదాకా మిల్లీమీటర్లలో కొలిచి రాసి ఉంచండి. తర్వాత తగ్గిందా లేదా అనడానికి ఈ అంకే ఆధారం.

లెక్కలపుస్తకం

వారాలవారీగా అడిగారు కాబట్టి అలాగే చెప్తాను. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది, వరస మాత్రం దాదాపు ఇదే.

మొదటి వారం పెద్దగా ఏమీ ఉండదు. "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది, అక్కడే చాలామంది ఏమరుతారు. రెండో వారంలో రుచి మారుతుంది, నోరు ఎండటం మొదలవుతుంది. మూడో వారంలో నోట్లో, గొంతులో పూత, మింగితే నొప్పి. నాలుగు నుంచి ఏడు దాకా పుండ్లు, తీగలా సాగే చిక్కటి ఉమ్మి, మెడ చర్మం ఎర్రబడి పొట్టు రాలడం, విపరీతమైన నీరసం. అసలు గడ్డుకాలం చివరి సిట్టింగ్ తర్వాత వచ్చే ఒకటి రెండు వారాలు. మిషన్ ఆగినా పుండు పెరుగుతూనే ఉంటుంది. సెలవు, చుట్టాల సాయం, ఏదైనా సరే, ఏడు వారాలకు కాకుండా పది పదకొండు వారాలకు లెక్కేసుకోండి.

నోటి శుభ్రం మొదటి రోజు నుంచే, పుండు పడేదాకా ఆగొద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంట సోడా (బేకింగ్ పౌడర్ కాదు, అది వేరు). మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ, అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. మింగకూడదు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. పుండ్లు పడ్డాక ఉప్పు మంటపెడితే ఉప్పు మానేసి ఉత్త సోడా నీళ్లు వాడండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ఇంట్లోంచి తీసేయండి. బ్రష్ అతి మెత్తనిది, తోమే ముందు వేడినీళ్లలో ముంచితే ఇంకా మెత్తబడుతుంది.

నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లగా కనిపిస్తే అది మామూలు పూత కాకపోవచ్చు, ఫంగస్. నొప్పి ఉన్నట్టుండి రెట్టింపైనా దాన్నే అనుమానించాలి. దానికి మందు వేరు. రోజూ ఒకసారి టార్చి వేసి నోరు చూడండి.

నొప్పి మందు దగ్గర ఇళ్లలో జరిగే తప్పు ఒకటే. "ఓర్చుకోగలిగినంత ఓర్చుకుంటాను" అంటారు. ఓర్చుకున్న ప్రతి పూటా మింగడం మానేసిన పూటే. నొప్పి మందు వేళకు పడాలి, ఒక డోసు తిండికి అరగంట ముందు వచ్చేలా డాక్టరుతో సర్దించుకోండి. నాలుగో వారానికి మార్ఫిన్ రాస్తే భయపడకండి, పుండు మానుతున్నకొద్దీ వాళ్లే మెల్లగా తగ్గించి ఆపుతారు. కానీ మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మందు కూడా మొదలవ్వాలి. నాలుగు రోజులు బిగుసుకున్నాక మొదలుపెడితే అదో నరకం. చర్మానికి అతికించే ఫెంటానిల్ ప్యాచ్ ఇస్తే అది పనిలోకి రావడానికే 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ మధ్యలో ఏం వేయాలో అడిగి తెలుసుకోండి. ప్యాచ్ మీద వేడి కాపడం పెట్టకూడదు, మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోతుంది. లేపినా సరిగ్గా లేవనంత మత్తు, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఇంట్లో ఉన్నాయి కదా అని ఇవ్వకండి. సిస్‌ప్లాటిన్ ఎలాగూ కిడ్నీలను వేధిస్తుంది, ఇవి తోడైతే రెండు దెబ్బలు. పారాసెటమాల్ వేసే ముందు ప్రతిసారీ జ్వరం చూసి రాసుకోండి. చూడకుండా వేస్తే జ్వరం కనపడకుండా దాగిపోతుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

గరిటె

తిండి, గొట్టం సంగతి నేను రాస్తాను.

కిలో బరువుకు రోజుకు 30 నుంచి 35 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్. 62 కిలోలకు 1,860 నుంచి 2,170 కేలరీలు, 74 నుంచి 93 గ్రాముల ప్రొటీన్. మూడు పూటల భోజనం మీద ఇది నాలుగో వారంలో సాధ్యం కాదు. రెండు గంటలకోసారి కొంచెం, ఏడెనిమిది సార్లు. ప్రతి గుక్కలో సత్తువ ఉండాలి. అర లీటరు పాలలో నాలుగు టేబుల్‌స్పూన్ల పాలపొడి కలిపి పెట్టుకుని, ఉత్త పాలు వాడాల్సిన ప్రతిచోటా అవే వాడండి. మెత్తగా చేసిన దేన్లోనైనా ఒక చెంచా వెన్నో నూనో కలపండి, పరిమాణం పెరగకుండా కేలరీలు పెరుగుతాయి. పులుపు, కారం, గరుకు, బాగా వేడి, ఈ నాలుగూ పుండుకు శత్రువులు. రుచి పోయినప్పుడు తీపి ఒకరికి అట్టముక్కలా, ఇంకొకరికి చేదుగా ఉంటుంది. నిన్న నచ్చింది ఇవాళ నచ్చదు. కాబట్టి ఒకే రకం డబ్బాలు డజను ముందే కొనిపెట్టకండి.

నీళ్లు, ద్రవాలు అన్నీ కలిపి రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు. గుర్తు పెట్టుకోవడం కష్టం, అందుకే పొద్దున్నే సీసాలో కొలిచి పోసి సాయంత్రం మిగిలింది చూడండి.

బరువు సోమవారం సోమవారం, ఒకే మిషన్ మీద, ఒకే వేళకు. మీ వారికి 5 శాతం అంటే 3 కిలోలు. 59కి దిగేదాకా ఆగకుండా, ఒక్క వారంలో కిలోన్నర తగ్గినా డైటీషియన్‌కు చెప్పండి. బరువు తగ్గితే నీరసంతో పోదు, మాస్కు వదులవుతుంది. వదులైతే మెడ కదులుతుంది, కిరణం పడాల్సిన చోట పడదు, మళ్లీ సీటీ తీసి ప్లాన్ మార్చాల్సి వస్తుంది.

గొట్టం ముందా, తర్వాతా అంటే రెండు పద్ధతులూ ఉన్నాయి, ఇప్పటికే బరువు బాగా తగ్గినవారికి, మింగలేనివారికి ముందే వేస్తారు. మిగతావారికి కనిపెట్టుకుని ఉండి, అవసరమైతే వేస్తారు. ముందే వేయించుకుంటే బరువు నిలుస్తుంది. కానీ గొట్టం ఉంది కదా అని మింగడం పూర్తిగా మానేస్తే గొంతు కండరాలు బిగుసుకుపోయి, తర్వాత గొట్టం వదలడం కష్టమవుతుంది. ఏ పద్ధతైనా గొట్టం పడ్డాక కూడా రోజూ కొన్ని గుక్కలు మింగుతూనే ఉండాలి, పొలమారుతోంది కాబట్టి వద్దని స్పీచ్ థెరపిస్ట్ చెబితే తప్ప. ముక్కు గొట్టం నాలుగు వారాల లోపు అవసరానికి. అంతకు మించితే పొట్టకు రంధ్రం చేసి వేసే గొట్టం, పెగ్, మేలు.

పోసేటప్పుడు చేయాల్సినవి:
- మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి కూర్చోబెట్టాలి, పోయడం అయ్యాక ఇంకో గంట అలాగే. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
- ముక్కు గొట్టమైతే ప్రతిసారీ ముక్కు దగ్గరి గుర్తు జరిగిందేమో చూడాలి. జరిగితే పోయొద్దు.
- ముందు 30 మి.లీ. నీళ్లు, తర్వాత 30 మి.లీ. నీళ్లు. గొట్టాలు పూడుకుపోయేవి చాలావరకు ఇది తప్పించినందుకే.
- 250 మి.లీ.ని 20 నుంచి 30 నిమిషాలు తీసుకుంటూ పోయాలి. తోసేస్తే కడుపు ఉబ్బి వాంతి అవుతుంది.
- మందులు ఒక్కోటి విడిగా పొడిచేసి నీళ్లలో కలిపి, మధ్యలో నీళ్లు పోస్తూ ఇవ్వాలి. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రలు పొడి చేయకూడదు, రోజంతటి డోసు ఒక్కసారే పడుతుంది.

మి.లీ.కి 1.5 కేలరీల ఫార్ములా (గొట్టంలో పోసే పోషక ద్రవం) అయితే 250 చొప్పున ఆరుసార్లకు 2,250 కేలరీలు. మొదటి రోజే అంతా పోయకండి. అయిదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉండి అప్పుడు మొదలుపెడితే ఒంట్లో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి. గొట్టం పూడుకుంటే గోరువెచ్చని నీళ్లు సిరంజిలో తీసి మెల్లగా తోస్తూ లాగుతూ ఉండండి. పుల్లలు, తీగలు పెట్టి పొడవకండి. పెగ్ ఊడిపోతే మాత్రం గంటల్లో వెళ్లాలి, ఆ రంధ్రం త్వరగా మూసుకుపోతుంది.

చుక్కమల్లె

"గరిటె" గారు మింగడం గురించి చెప్పినదానికి కొనసాగింపు. మింగే వ్యాయామాలు సిట్టింగులు మొదలవ్వకముందే నేర్చుకోవాలి. పుండ్లు పడ్డాక కొత్తగా నేర్చుకోవడం అయ్యే పని కాదు. సాధారణంగా నేర్పేవి మూడు: గట్టిగా, బలమంతా పెట్టి మింగడం; మింగుతూ కంఠమణిని పైనే రెండు మూడు సెకన్లు ఆపడం; నాలుక కొసను ముందుపళ్ల మధ్య పట్టి ఉత్త ఉమ్మి మింగడం. ఈ మూడోదాన్ని తిండితో, నీళ్లతో ఎప్పుడూ చేయకూడదు, పొలమారుతుంది. ఎన్నిసార్లు, ఎన్ని పూటలు అన్నది స్పీచ్ థెరపిస్ట్ ఆయన్ని చూసి చెప్పాలి.

దవడకు విడిగా. నోరు మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకోవాలి. 35 మి.మీ. కంటే తగ్గితే దవడ బిగుస్తున్నట్టే. చెక్క పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి సాగదీయడం నేర్పిస్తారు. పట్టేసినట్టు అనిపించాలి, ప్రాణం పోయే నొప్పి రాకూడదు.

పొద్దుతిరుగుడు

పళ్ల డాక్టరుకు రేపటికి అపాయింట్‌మెంట్ దొరికింది. చాలా థాంక్స్ అండీ. ఇంకో నాలుగు అడుగుతాను. మాస్కు బిగిస్తే ఊపిరాడనట్టు ఉందన్నారు, దానికేం చేయాలి? ఒక రోజు తప్పిపోతే ఏమవుతుంది? ఆయన పక్కన పడుకోవచ్చా, ఒంట్లో రేడియేషన్ ఉంటుందా? రాత్రిళ్లు ఉమ్మి గొంతుకు అడ్డం పడితే?

నీలిగీత

బయటి మిషన్‌తో ఇచ్చే రేడియేషన్ ఆయన ఒంట్లో నిలవదు. మిషన్ ఆగిన క్షణమే అయిపోయింది. పక్కన పడుకోవచ్చు, మనవల్ని ఎత్తుకోవచ్చు. జాగ్రత్త కావాల్సింది సిస్‌ప్లాటిన్ విషయంలో. ఎక్కించిన తర్వాత 48 గంటలు వాంతి, మూత్రం తుడిచేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, మరుగుదొడ్డి మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి, ఖరాబైన బట్టలు విడిగా ఉతకండి.

మాస్కు ఊపిరాడనివ్వదన్నది భయమే, అది వల. ముక్కుతో, నోటితో గాలి ఆడుతుంది. కానీ భయం నిజం కాదంటే పోదు కదా. పనికొచ్చేవి చెప్తాను. మిషన్ గదిలో పట్టేది సాధారణంగా 10 నుంచి 20 నిమిషాలు, కిరణం పడేది అందులో కొద్ది నిమిషాలే అని ముందే చెప్పండి. బయట వాళ్లు కెమెరాలో చూస్తూనే ఉంటారు, చెయ్యి ఎత్తితే ఆపి లోపలికి వస్తారు. ఆ సంజ్ఞ ఏమిటో మొదటి రోజే ఖాయం చేసుకోండి. కళ్ల దగ్గర వల కత్తిరించగలరేమో అడగండి, చాలా ప్లాన్లలో కుదురుతుంది. అప్పటికీ కాకపోతే ముందు వేసే చిన్న మాత్ర రాస్తారు, ఆ రోజు ఆయన బండి నడపకూడదు. ఐదో వారం నుంచి అసలు ఇబ్బంది వేరే: వెల్లకిలా పడుకుంటే చిక్కటి ఉమ్మి గొంతులోకి జారుతుంది. మాస్కు బిగించే ముందు పుక్కిలించి, ఉమ్మేసి, గొంతు సవరించుకుని ఎక్కాలి.

రోజు తప్పడం సంగతి గట్టిగానే చెప్పాలి. తల, మెడ క్యాన్సర్లలో మొత్తం చికిత్స సాగినకొద్దీ గడ్డ అణిగే అవకాశం తగ్గుతుంది, అటూ ఇటూగా రోజుకు ఒక శాతం అని లెక్క. మధ్యలో మిగిలిన కణాలు వేగంగా పెరగడమే కారణం. మిషన్ చెడినా, సెలవు వచ్చినా ఆ సిట్టింగు చివర్లో తగిలించడం కాకుండా, కనీసం 6 గంటల తేడాతో ఒకే రోజు రెండు ఇవ్వడమో, శనివారం ఇవ్వడమో చేస్తారు. "ఈ తప్పిన రోజును ఎలా పూడుస్తున్నారు?" అని మీరే అడగండి. పొగతాగే అలవాటుంటే ఇప్పుడే మానాలి. పొగ రేడియేషన్ పనితనాన్నే తగ్గిస్తుంది.

చర్మం: గోరువెచ్చని నీళ్లు, వాసనలేని సబ్బు, రుద్దకుండా అద్దడం. బ్లేడు వద్దు, ఎలక్ట్రిక్ షేవర్. కాలరు లేని మెత్తటి చొక్కా. క్రీములు డాక్టరు చెప్పినవే, సిట్టింగుకు ముందు దట్టంగా పూయకుండా వెళ్లాలి. చర్మం చిట్లి నీరు కారుతుంటే సొంత వైద్యం మానేసి డ్రెస్సింగ్ చేయించండి.

రాత్రి ఉమ్మి: తలవైపు ఎత్తు, గదిలో చల్లటి ఆవిరి చిమ్మే హ్యూమిడిఫైయర్, మంచం పక్కన సోడా నీళ్లు, ఉమ్మడానికి మూత గిన్నె, టిష్యూలు. ఎక్కువగా ఉంటే సెలైన్ నెబ్యులైజర్ అడగండి. తెల్లవారుజామున వచ్చే వాంతుల్లో చాలావరకు రాత్రంతా మింగిన ఈ జిగటవల్లే. లేవగానే ముందు పుక్కిలింత, తర్వాతే మందులు.

ఒకటి చెప్పాలి. "తిను, తిను" అని రోజంతా వెంటపడొద్దు. ఆయనకు ఆకలి లేదు, రుచి లేదు, మింగితే గాజుపెంకులు. అప్పుడు ప్రతి గిన్నె ఒక గొడవ అవుతుంది. గిన్నె అందేచోట పెట్టి పక్కకు వెళ్లండి. తిన్నారా అని ఆయన్ని అడగడం మాని సీసాలో మిగిలినదాన్ని, సోమవారం బరువును చూడండి. అవి తగ్గితే మాట్లాడాల్సింది డాక్టరుతో. మాట్లాడటం నొప్పిగా ఉంటుంది కాబట్టి ఒక పలక, పెన్ను దగ్గర ఉంచండి. గుసగుసలాడటం గొంతుకు విశ్రాంతి కాదు, అది ఇంకా శ్రమ.

వేపపుల్ల

ఒక జాగ్రత్త చేరుస్తాను. తిమ్మిరెక్కించే లిడోకైన్ ద్రావణం ఇస్తారు, హాయిగా ఉంటుంది. కానీ గొంతు మొద్దుబారితే తిండి దారి తప్పినా తెలియదు. ఎంత, ఎన్నిసార్లు, వాడాక ఎంతసేపటికి తినొచ్చు అన్నవి మూడూ రాయించుకోండి. వాళ్లు చెప్పినదానికంటే ఎక్కువసార్లు వాడకండి.

రాత్రికి రాత్రే వెళ్లాల్సినవి అడిగారు, ఇంకా ఎవరూ పూర్తిగా రాయలేదు: జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటడం (కీమో నడుస్తోంది కాబట్టి తెల్లారేదాకా ఆగొద్దు), ఊపిరి పీల్చేటప్పుడు ఈలలాంటి చప్పుడు, సొంత ఉమ్మి కూడా మింగలేక కారిపోవడం, నోటినుంచి ఎర్రటి రక్తం, చారలు కాదు, చెంచాడు మించి (పడుకోబెట్టకుండా ముందుకు వంచి కూర్చోబెట్టి తీసుకెళ్లండి), తాగినప్పుడల్లా పొలమారుతూ జ్వరం, ఆయాసం, రోజంతా కలిపి అర లీటరు కంటే తక్కువ మూత్రం, లేస్తే కళ్లు తిరగడం. చెవుల్లో హోరు, వేళ్ల తిమ్మిరి ఉంటే పరుగెత్తక్కర్లేదు, కానీ తర్వాతి సిస్‌ప్లాటిన్ ఎక్కించేలోపు తప్పక చెప్పాలి.

లెక్కలపుస్తకం

చివరి సిట్టింగు తర్వాతి లెక్క కూడా రాసుకోండి, ఆసుపత్రికి రోజూ వెళ్లడం ఆగిపోయాక చూసేవాళ్లు మీరొక్కరే. మొదటి రెండు వారాలు బరువు, నీళ్లు, జ్వరం అదే పుస్తకంలో రాస్తూ ఉండండి. వారానికి ఒకసారైనా చూపించే తేదీలు చివరి రోజునే తీసుకుని బయటికి రండి. పుండ్లు మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. రుచి నెలల మీద వస్తుంది. ఉమ్మి ఏడాది రెండేళ్లు కొద్దికొద్దిగా మెరుగవుతుంది, కొందరికి పూర్తిగా రాదు.

మెడ వంచితే వెన్నులో కరెంటు షాకు కొట్టినట్టు రెండు మూడు నెలలకు రావచ్చు. మామూలుగా దానంతటదే పోతుంది, డాక్టరుకు చెప్పండి చాలు. గడ్డం కింద వాపు పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గితే అది లింఫ్ నీరు, దానికి మర్దన నేర్పిస్తారు. కొత్తగా గట్టి గడ్డలా తగిలితే మాత్రం చూపించాలి. టీఎస్‌హెచ్ ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి.

క్యాన్సర్ మిగిలిందేమో చూసే పెట్ సీటీ స్కాన్ చివరి సిట్టింగు తర్వాత 12 వారాలకు. ఆత్రంగా ఉంటుంది, ముందే చేయమని అడగాలనిపిస్తుంది. పుండు ఇంకా మానుతుండగా తీస్తే ఆ మంటే క్యాన్సర్‌లా వెలుగుతుంది.

పొద్దుతిరుగుడు

అన్నీ రాసుకున్నాను. నోరు కొలిచాను, 46 మి.మీ. ఉంది. పుస్తకం మొదటి పేజీలో అదే రాశాను.